సామికి కప్పిన గొంగడి

గుట్ట మీద మైకు గొంతు చించుకుంటోంది. పూర్వం ఒకానొక మహారాజు వేటకు వచ్చి దారి తప్పాడట. ఈ గుహలో తపస్సు చేసుకుంటున్న మునీశ్వరుణ్ణి దర్శించుకున్నాడట. ఆయన ఆజ్ఞ ప్రకారం స్వామివారికి పట్టువస్త్రం కప్పాడట. ఆనాటి నుంచి నేటి వరకు ప్రతి పుష్య అమావాస్యకు అదే ఆచారమట.

నేను మెట్ల మీదే ఆగిపోయాను. నా పక్కన చిన్నాయిన, అంటే మా నాయిన తమ్ముడు, చంకలో కొత్త నల్ల గొంగడి పెట్టుకొని కట్టె పొడుచుకుంటూ ఎక్కుతున్నాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవు.

"ఏమంటాండు బిడ్డా మైకుల?"

"ఏం లేదు చిన్నాయిన. చెప్పులు కిందనే ఇడువుమంటాండు."

ఆయన తన కాళ్ళకేసి చూసుకున్నాడు. చెప్పులు ఎప్పుడో కిందే విడిచాడు. తృప్తిగా తలాడించి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మైకు వింటూ అక్కడే ఉండిపోయాను. ఆ రాజు ఎక్కడివాడో, ఆ ముని ఎక్కడివాడో! నేను బుద్ధెరిగిన నాటి నుంచి ఆ కథలో ఉన్నది ఒక కురుమ ముసలమ్మ, ఆమె గొర్రెల మంద, ఆమె ఒంటి మీది గొంగడి. అంతే.

ఆ కథ మాకు చెప్పింది అవ్వ, మా నాయినను కన్నతల్లి. చలికాలం పొద్దుగూకే వేళ వాకిట్లో కూర్చొని ఉన్ని వడుకుతూ చెప్పేది. చుట్టూ మేము, పొయ్యి మీద జొన్న గట్క, పక్కనే చింతగింజల గంజి ఉడుకుతున్న కుండ. గొంగడి బిగువుగా రావాలంటే ఆ గంజి పట్టించాలి. తడి ఉన్ని వాసన, ఉడికిన చింతగింజల వాసన కలిస్తే తెలియనివాళ్ళు ముక్కు మూసుకుంటారు. మాకు మాత్రం ఆ వాసన వచ్చిందంటే జాతర దగ్గరికొచ్చిందని అర్థం. గంజికని వేయించి పెట్టిన గింజల్ని దొంగిలించి బుగ్గన పెట్టుకొని చప్పరిస్తూ కథ వినేవాళ్ళం.

"సామి అమ్మోరితోని కొట్లాడి అలిగిండు," అని మొదలుపెట్టేది.

"ఎందుకలిగిండు అవ్వా?"

"కూరల ఉప్పెక్కువైందని."

"పోయినేడు పుట్టింటికి పోయిందని చెప్పినవు గదా?"

"పుట్టింటికి పోయొచ్చి వండింది. గందుకే ఉప్పెక్కువైంది. ఇంటవా, లెవ్వాల్నా?"

అలిగిన సామి పంచె తప్ప వేరే బట్ట లేకుండా ఈ గుట్టల్లోకి వచ్చాడు. చలికి పండ్లు టకటక కొట్టుకుంటుంటే మంద దగ్గర మంట కనిపించి అటు నడిచాడు. అక్కడున్న ముసలమ్మ ఎవరో బాటసారి అనుకొని తనకున్న ఒక్క గొంగడీ ఆయనకు కప్పి, తాను మంట దగ్గర కూర్చొని తెల్లవార్లూ కాచుకుంది. తెల్లారి చూస్తే మనిషీ లేడు, గొంగడీ లేదు. అడుగుల జాడ పట్టుకొని గుట్ట ఎక్కితే గుహలో ఒక బండరాయి, దాని మీద తన గొంగడి.

ఇక్కడికి వచ్చేసరికి అవ్వ రాట్నం ఆపి నడుము మీద చెయ్యి వేసుకునేది. "ఓరి దొంగనాకొడుకా, నా గొంగడి ఎత్కపోతవురా!" అని ముసలమ్మ తిట్టిన తిట్లన్నీ తానే తిట్టేది. అవి ఏటేటా పెరిగేవి. అప్పుడు బండరాయి మాట్లాడింది. "తిట్టకు అవ్వా. ఏడాదికొక్క రాత్రి నీ గొంగడే కప్పుకుంట. ఆ రాత్రి నీ మంద నేను కాస్త."

అందుకని పుష్య అమావాస్యనాడు మా కురుమవాడలో ఎవరూ మంద దగ్గర ఉండేవాళ్ళు కాదు. ముళ్ళకంప తడిక మూసి, పిల్లాజెల్లా ముసలీముతకా గుట్ట ఎక్కేవాళ్ళం. కుక్కల్ని కూడా వెంట తోలుకుపోయేవాళ్ళం. కాపలా పెడితే సామిని నమ్మనట్టు. మా ఇంట్లో నేసిన గొంగడిని పొద్దుగూకే వేళ సామికి కప్పి, పూజారి తలుపు మూసేవాడు. తెల్లారి తలుపు తీసి గొంగడి ఎత్తితే దాని అంచుల నిండా ఉత్తరేణి గింజలు అంటుకొని ఉండేవి, గొర్రెల వాసన కొట్టేది. సామి మంద కాసి వచ్చాడనడానికి అంతకన్నా రుజువేం కావాలి? నారాయణపేట దిక్కు నుంచి, అచ్చంపేట దిక్కు నుంచి బండ్లు కట్టుకొని వచ్చినవాళ్ళు ఆ ఉత్తరేణి గింజ ఒక్కటి దొరికితే చాలని కొంగు పట్టేవాళ్ళు. గింజ కట్టిన ఇంట్లో పశువుకు రోగం రాదు, పిల్లలకు దిష్టి తగలదు. లడ్డూ, పులిహోర వంటి ప్రసాదాలు మా గుట్టకు అప్పటికింకా రాలేదు.

గుట్ట ఎక్కనివాడు మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. చిన్నాయిన. సరిగ్గా ఆ రోజే ఆయనకు కడుపునొప్పి వచ్చేది. గొంగడి నేసేది ఆయనే, కప్పే రోజుకు మాత్రం ముడుచుకొని పడుకునేవాడు. "సామి అంటే పడనోడు" అని వాడకట్టంతా ఎగతాళి చేసేది. నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. మా ఇంటి గొంగడి సామికి కప్పుతుంటే మా ఇంటి మనిషే రాకపోవడమేమిటి?

పూజారి కొడుకుది నా ఈడే. గుట్ట కిందే వాళ్ళ ఇల్లు. వాళ్ళమ్మ కళ్ళుగప్పి జున్ను కోసం మా ఇంటికి వచ్చేవాడు. మా ఇంట్లో తిన్నట్టు తెలిస్తే వాడి వీపు చిట్లుతుంది. అందుకని తిన్నాక జామాకు నమిలి, నోరు ఊది నాకు వాసన చూపించి మరీ పోయేవాడు. చిన్నాయినను "కాకా, కాకా" అని పట్టుకు వేలాడేవాడు. మా ఇంట్లో కూర్చునేది గొంగడి మీదే కాబట్టి గిన్నెలో ఒక బొచ్చు పడక తప్పదు. వాడు దాన్ని రెండు వేళ్ళతో తీసి మూతి ముడిస్తే అవ్వ వదిలిపెట్టేది కాదు.

"గొంగట్ల కూసోని తినుకుంట బొచ్చేరుతాండు సూడు పంతులు!"

వాడూ నవ్వేవాడు. తినడం మాత్రం ఆపేవాడు కాదు.

ఆ ఏడు నాకొక గొర్రెపిల్ల ఉండేది. తల్లి పాలివ్వక తన్నేస్తే నేనే గుడ్డ పీలిక పాలలో ముంచి నోట్లో పెట్టి బతికించాను. ముక్కు మీద మసిబొట్టు పెట్టినట్టు నల్లమచ్చ. నేను ఎటు పోతే అటు వచ్చేది, ఆగితే నా మోకాలి వెనక తలతో పొడిచేది. ఆ చలికాలం పక్క ఊళ్ళో తోడేలు మందలో పడిందని చెప్పుకున్నారు. జాతర రోజు పిల్లను చంకనెత్తుకొని నేను గుట్టకు రానని ఏడ్చాను.

"సామి కాయంగ తోడేలు వస్తదా?" అంది అవ్వ. "వస్తే సామికే సిగ్గు. నీ పిల్లను ఆయనకు అప్పజెప్పు. బిడ్డను తల్లికి అప్పజెప్పినట్టే."

అవ్వ మాట నమ్మాను. పిల్లను మందలో వదిలి, దాని చెవిలో "సామి వస్తడు, భయపడకు" అని చెప్పి గుట్ట ఎక్కాను. నా కళ్ళ ముందే అవ్వ గొంగడి కొసకు ఎర్రదారం ముడివేసి సామికి కప్పించింది. రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తిన్నాం, భజన విన్నాం, కుక్కల మధ్యలో ముడుచుకొని పడుకున్నాం. నేను నిద్రపట్టేదాకా సామితోనే మాట్లాడాను. నల్లమచ్చది నాది, గుర్తుపెట్టుకో అని.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పొగమంచు. పిల్ల గుర్తొచ్చింది. అందరూ తలుపు తీసేదాకా ఆగుతారు, నేను ఆగలేకపోయాను. పూజారి కొడుకును తట్టి లేపాను. ఇద్దరం అడ్డదారిన జారుతూ పడుతూ కిందికి ఉరికాం.

మంద దగ్గర, ముళ్ళకంప లోపల, మంచులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తల మీది నుంచి నల్ల గొంగడి కప్పుకొని, కట్టె పట్టుకొని, మాకు వీపు చేసి ఉన్నాడు. ఆయన చంకలో, గొంగడి మడతలోంచి, నల్లమచ్చ ముక్కు బయటికి కనిపిస్తోంది.

నేను నేల మీద సాగిలపడ్డాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. సామిని చూసే యోగ్యత నాకెక్కడిది? అంత ఆనందం నా బతుకులో మళ్ళీ రాలేదు, పెళ్ళినాడూ రాలేదు, పిల్లలు పుట్టిననాడూ రాలేదు.

అప్పుడు సామి దగ్గాడు.

ఆ దగ్గు నాకు తెలుసు. బీడీ దగ్గు. కళ్ళు తెరిచాను. గొంగడి కొసకు ఎర్రదారం ముడి. అంచుల నిండా ఉత్తరేణి గింజలు. గొంగడి లోపల చిన్నాయిన ముఖం.

"నువ్వెందుకొచ్చినవు బిడ్డా?" అన్నాడు నావైపు చూడలేక.

 పక్కనున్న పూజారి కొడుకు తాపీగా చెప్పాడు. "నాకు పోయినేడే ఎరిక. గుహ ఎనుక సొరికె ఉంటది. మా నాయిననే బండ జరుపుతడు. కాక అందులకెల్లి గొంగడి తీస్కపోతడు, తెల్లారకముందే మళ్ల కప్పిపోతడు."

"ఎవ్వరికి చెప్పకుండ్రి," అని గొర్రెపిల్లను నా చేతిలో పెట్టి చిన్నాయిన గుట్ట వైపు పరుగెత్తాడు. పొద్దు పొడవకముందే సామికి కప్పాలి కదా.

గొర్రెపిల్ల బతికింది. దాన్ని తోడేలు నుంచి కాచింది ఆయనే. అయినా నాకు కృతజ్ఞత కలగలేదు. ఒళ్ళు మండింది. అవ్వ మోసం చేసింది, చిన్నాయిన మోసం చేశాడు, పూజారి చేశాడు, తెలిసి కూడా చెప్పనివాడు చేశాడు. నేను రాత్రి మాట్లాడింది ఎవరితో? నేను మొక్కింది ఒక బీడీ దగ్గుకా?

ఇంటికి వచ్చాక అవ్వ కొంగు పట్టుకొని నిలదీశాను. అవ్వ తొణకలేదు.

"గొంగడి మంద కాడికొచ్చిందా, రాలేదా?"

"వచ్చింది."

"గింజలు మంద కాడియేనా, కావా?"

"మంద కాడియే."

"మరి అబద్ధమేడుంది? గింజలు నేను ఇంట్ల కూసోని అంటిస్తే అబద్ధం. గట్ల ఎన్నడు చెయ్యలే. సామి గొంగడి కప్పుకున్నోడు ఆ ఒక్క రాత్రి సామే. మీ తాత కప్పుకున్నడు, ఆయన తండ్రి కప్పుకున్నడు."

అవ్వకు ఆ మాటలో లోటేమీ కనిపించలేదు. నాకు లోటు తప్ప ఏమీ కనిపించలేదు. నా సామి ఆ తెల్లవారుజామునే చచ్చిపోయాడు. చిన్నాయినతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన రేగుపండ్లు ఏరుకొచ్చి ఒళ్ళో పోస్తే లేచి దులిపేశాను. ఒక్క మాట అనకుండా వంగి మళ్ళీ ఏరుకున్నాడు. తర్వాత్తర్వాత మాటలు కలిశాయి గానీ, ఉత్తరేణి గింజ మాత్రం నేను మళ్ళీ ఎన్నడూ కొంగున కట్టలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఆ రోజుల్లోని మనుషులు ఇప్పుడెవరున్నారు? అవ్వ పోయింది. ముసలి పూజారి పోయాడు. నేను పెళ్ళై పట్నం చేరాను. తెలంగాణ వచ్చాక మా గుట్టకూ మంచి రోజులొచ్చాయి. రోడ్డు పడింది, నల్లరాతి మంటపం లేచింది, మెట్లకు ఇనుప కడ్డీలు, తాగడానికి నీళ్ళు. సంతోషించాను, అబద్ధమెందుకు? కట్టడం నడిచినన్నేళ్ళు గుహలోకి ఎవరినీ పోనివ్వలేదు, గొంగడీ కప్పనివ్వలేదు. చిన్నాయిన పోయి అడిగితే, తండ్రి తర్వాత పూజారైన ఆ నా జున్ను దోస్తే భుజం మీద చెయ్యి వేసి చెప్పాడట. "పని అయిపోనియ్యి కాకా. తలుపు తెరిచిన యేడు నీ గొంగడే ముందుగాల." చిన్నాయిన ఆ మాటను నాకు ఫోన్‌లో చెప్పి చెప్పి మురిసిపోయేవాడు.

ఈలోపు మా బీళ్ళన్నీ ప్లాట్లయ్యాయి. మేపే జాగా లేక పోయిన ఎండాకాలం మంద అమ్మేశాడు. అమ్మేముందు తీసిన ఉన్నితోనే, మోకాళ్ళు పట్టేసినా, మగ్గం దిగకుండా ఈ గొంగడి నేశాడు. నన్ను రమ్మన్నాడు. బస్సులో నా పక్కన కూర్చొని దాన్ని నిమురుతూ, "మంద లేని యేడు ఇదే మొదటిది బిడ్డా. ఈ యేడు తప్పకుంట కప్పాలె" అన్నాడు. మంద పోయిన దిగులనుకున్నాను.

పైకి చేరాం. మైకు పట్టుకొని కథ చెబుతున్నది ఎవరో కాదు, ఆ జున్ను దోస్తే. పట్టు ఉత్తరీయం, మెడలో పూలదండ. మమ్మల్ని చూసి మైకు పక్కవాడికిచ్చి వచ్చాడు. గొంగడి చూడగానే ముఖం మారింది.

"పెద్దాయనా, దాన్ని ఆఫీసుల ఇచ్చిపోండ్రి. లోపలికి తీస్కపోనియ్యరు."

కాకా అనలేదు. పెద్దాయన అన్నాడు. చిన్నాయినకు వినపడలేదు, నవ్వుతూ గొంగడి చాపాడు. ఎర్రదారం ముడి కూడా వేసి తెచ్చాడు.

"నీ గొంగడే ముందుగాల అని చెప్పింది నువ్వే గదా?" అన్నాను.

"నా చేతుల ఏమున్నది అక్కా? కమిటీ పెద్దలున్నరు. ఉన్ని బొచ్చు రాలుతది, అలంకారం ఖరాబైతది అంటాండ్రు."

నా నోట అవ్వ మాటే వచ్చింది. "గొంగట్ల కూసోని తిన్నవు. ఇప్పుడు బొచ్చేరుతున్నవా?"

వాడు అటూ ఇటూ చూశాడు. "జర మెల్లగ మాట్లాడు."

"గా రాజెవరు? ముని ఎవరు? ఆ తెల్లారి నువ్వు నా పక్కన లేవా?"

"ఉన్న," అన్నాడు. ఈసారి నా కళ్ళలోకి చూశాడు. "ఉన్న గనుకనే అంటాన్న. మీ కథ గూడ అబద్ధమని నీకెరికే, నాకెరికే. ఒక అబద్ధం పోయింది, ఇంకోటి వచ్చింది. నువ్వయితే ఎన్నడో నమ్ముడు బందుపెట్టినవు. ఇప్పుడు నీకేం బాధ?"

ఏరు దాటి తెప్ప తగలేసినవాడు ఆ తెప్ప నీదేనా అని నన్నే అడుగుతున్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ వాడన్నదాంట్లో నేను ఇన్నేళ్ళూ నాలో నేను అనుకున్న మాటే ఉంది.  అందుకే ఇంకా మంటగా ఉంది. వాడు మళ్ళీ మైకు అందుకున్నాడు. రాజు మళ్ళీ దారి తప్పాడు.

చిన్నాయిన చెవి దగ్గరికి వంగి, "ఇయ్యాల కుదరదట చిన్నాయిన" అన్నాను. ఆయన గొంగడి మళ్ళీ చంకలో పెట్టుకొని మంటపం చుట్టూ తిరిగి గుహ వెనక్కి నడిచాడు. నేను వెనకే పోయాను. ఒకప్పుడు బండ చాటున సొరికె, ఆ సన్నటి సందు, ఉన్న చోట ఇప్పుడు సిమెంటు గోడ. దాని మీద ఏదో యంత్రం గుయ్యిమంటోంది.

ఆయన ఆ సిమెంటు మీద అరచెయ్యి ఆనించాడు.

"నీకు నామీద కోపముండె గదా బిడ్డా చిన్నప్పుడు," అన్నాడు. "ఉండాల్సిందే. నేను చేసింది దొంగతనమే."

"గట్లనకు చిన్నాయిన. మంద కాస్తివి."

"మంద కాసిన. కని సామి ఒంటి మీది గొంగడి గుంజుకొచ్చి కాసిన. ఏడాదికొక్క రాత్రి కప్పుకుంటనని నోరు తెరిచి అడిగిండు. ఆ ఒక్క రాత్రి నేను కప్పుకొని ఎచ్చగున్న, ఆయన చలికి పన్నడు. నా ఈడొచ్చిన కాన్నుంచి ప్రతి యేడు గంతే. గుట్ట దిగుతుంటె ఎన్నిసార్లు ఎనక్కి చూసిన్నో నాకే ఎరిక. మీ అవ్వకు గూడ చెప్పలే." గొంగడి అంచు సవరించాడు. "ఈ యేడు మంద లేదు. కాసేది లేదు. తెల్లార్లు ఆయన మీదనే ఉంచొచ్చు అనుకున్న. ఒక్కసారన్న నిండుగ కప్పుకొని పంటడనుకున్న."

 మాలో సామిని నిజంగా నమ్మింది ఎవరంటే, జాతరనాడు కడుపునొప్పని పడుకున్న ఈ మనిషి. నేను మొక్కింది బీడీ దగ్గుకని ఇన్నేళ్ళు ఏడ్చాను. ఆ దగ్గు బీడీకి వచ్చిందో, దిగులుకు వచ్చిందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన యంత్రం కేసి చూశాడు.

"ఇదేంది బిడ్డా?"

"ఏసీ చిన్నాయిన. లోపల చల్లగుండెతందుకు."

"పుష్యమాసంల?"

"ఊ."

"మరి సామికి చలి పెట్టదా?"

సామి లేడని చిన్ననాడే తీర్మానించుకున్నదాన్ని. అయినా గొంగడి విప్పి చిన్నాయిన భుజాల మీద నిండుగా కప్పాను.

"పెడుతది చిన్నాయిన," అన్నాను. "బాగ పెడుతది."